లైఫ్‌స్టైల్ మ్యాగజైన్‌లో ఉద్యోగం: ఏది వ్యాసం, ఏది ప్రకటన?

కొత్త రెస్టారెంట్లలో భోజనం, ఫ్యాషన్ షోలో ముందు వరుస సీటు, రిసార్టులో వారాంతం. నగరాల్లో వెలువడే లైఫ్‌స్టైల్ మ్యాగజైన్లలో పనిచేసేవారి జీవితం బయటివారికి ఇలాగే కనిపిస్తుంది. ఇవన్నీ ఆ ఉద్యోగంలో ఉండే మాట నిజమే. కానీ నెలలో ఎక్కువ రోజులు గడిచేది ఆఫీసులోనే. ఫొటోల కోసం ఫోన్లు చేయడం, ధరలు, చిరునామాలు సరిచూడడం, ఫలానా పేజీలో వచ్చేది వ్యాసమా, ప్రకటనా అని యాడ్స్ విభాగంతో వాదించడం. ఈ చివరి పనే అన్నిటికంటే కష్టం. పాఠకుడికి నేరుగా సంబంధించినది కూడా అదే.

నెల ఎలా గడుస్తుంది?

1959లో మొదలైన ‘ఫెమినా’ లాంటి జాతీయ పత్రికకు పెద్ద సంస్థ అండ ఉంటుంది. హైదరాబాద్, బెంగళూరు, పుణె, కొచ్చి వంటి ఒక్కో నగరానికే పరిమితమైన మాసపత్రికల సంగతి వేరు. ఒక ఎడిటర్, ఇద్దరు ముగ్గురు సబ్ ఎడిటర్లు, ఒక డిజైనర్ ఉంటే అదే పూర్తి బృందం. ఫొటోగ్రాఫర్ చాలాసార్లు ఫ్రీలాన్సరే. ఇంటర్వ్యూ చేసేదీ, రాసేదీ, ప్రూఫ్ దిద్దేదీ ఒకరే. షూటింగ్ కోసం బొటిక్ నుంచి అరువు తెచ్చిన చీరను మరక పడకుండా తిరిగి అప్పగించే బాధ్యత కూడా వారిదే.

పని ఎప్పుడూ క్యాలెండర్ కన్నా ముందు నడుస్తుంది. వినాయక చవితి నాటికే దీపావళి సంచికలో ఏ పేజీలో ఏం రావాలో తేలాలి. సంక్రాంతి అయిందంటే వేసవి సంచిక మీద పడాలి. దీనివల్ల ఒక చిక్కుంది. గొప్పగా రాసిన రెస్టారెంట్ సంచిక బజారులోకి వచ్చేసరికి మూతపడి ఉండొచ్చు.

మరో చిక్కు అచ్చుతో వస్తుంది. మ్యాగజైన్ పేజీలు ఒక్కొక్కటిగా అచ్చు కావు. ఎనిమిదో, పదహారో కలిపి ఒక ఫారంగా అచ్చవుతాయి. చివరి రోజు ఒక ఫుల్ పేజీ ప్రకటన రద్దయితే ఆ ఒక్క పేజీని తీసేయడం కుదరదు. దాన్ని అప్పటికప్పుడు నింపాలి. హడావుడిగా దొరికేది తరచూ ఏదో ఒక పీఆర్ సంస్థ పంపిన ప్రెస్ నోటే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కవర్ మీద ధర ఉన్నా, ఆర్ట్ పేపర్ మీద రంగుల్లో అచ్చయ్యే పత్రికకు ఆ డబ్బుతో ఖర్చులు రావు. అందులోనూ కొంత పంపిణీదారుకు, దుకాణదారుకు పోతుంది. చాలా కాపీలు హోటళ్ల లాబీలకు, సెలూన్లకు, క్లినిక్‌ల వెయిటింగ్ హాళ్లకు ఉచితంగా వెళ్తాయి. కాబట్టి పత్రిక నడిచేది ప్రకటనలతోనే. కొన్నిసార్లు ప్రకటనకు బదులు డబ్బు కూడా రాదు. హోటల్ గదులో, భోజనం కూపన్లో వస్తాయి. దీన్నే ఈ రంగంలో బార్టర్ అంటారు.

‘స్థానికం’ అన్న మాట బరువు ఇక్కడే తెలుస్తుంది. అంతర్జాతీయ బ్రాండ్ ప్రకటన ఏజెన్సీ ద్వారా వస్తుంది. స్థానిక పత్రికలోని సమీక్షను ఆ కంపెనీ వారు చదవకపోవచ్చు. కానీ నగరంలోని నగల దుకాణం యజమాని దగ్గర ఎడిటర్ ఫోన్ నంబరు ఉంటుంది. ఎవరి హోటల్ గురించి ఘాటుగా రాశారో వారే వచ్చే నెల బ్యాక్ కవర్ కొనాల్సినవారు. అందుకే ఇలాంటి పత్రికల్లో చెడ్డ సమీక్ష అరుదు. బాగాలేని చోటు గురించి అసలు రాయకపోవడమే వారికి చేతనైన విమర్శ. పాఠకుడికి మాత్రం ఆ మౌనం వినిపించదు.

అసలు ప్రమాదం ఎక్కడ?

బిర్యానీ గురించి కాస్త ఎక్కువ చేసి రాస్తే పోయేది ఒక పూట భోజనం డబ్బు. చర్మం, జుట్టు, బరువు, సంతాన చికిత్సల విషయంలో అలా కాదు. ప్రకటనలతో రోగులను ఆకర్షించకూడదని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు డాక్టర్లకు చెబుతున్నాయి. వైద్యుడు నడిపే సంస్థ ప్రకటన ఇచ్చినా పేరు, చేర్చుకునే రోగుల రకం, సౌకర్యాలు, ఫీజు వంటి వివరాలకే పరిమితం కావాలి. ప్రకటనకు ఇన్ని హద్దులున్నాయి కనుక ‘నిపుణుల సలహా’ పేజీకి గిరాకీ పెరుగుతుంది. నవ్వుతున్న ఫొటో, నాలుగు ప్రశ్నలు, చివర క్లినిక్ ఫోన్ నంబరు. డబ్బు చేతులు మారిందో లేదో చదివేవారికి తెలిసే దారి లేదు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఈ కలగాపులగం చిన్న పత్రికలతో మొదలైంది కాదు. టైమ్స్ గ్రూప్ 2003లో ‘మీడియానెట్’ పేరుతో సినిమా, ఫ్యాషన్ అనుబంధాల్లో చోటును బహిరంగంగానే అమ్మడం ప్రారంభించింది. ఎన్నికల పెయిడ్ న్యూస్‌పై పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాస్‌రెడ్డి 2010లో ప్రెస్ కౌన్సిల్‌కు ఇచ్చిన నివేదిక కూడా మీడియానెట్‌ను ప్రస్తావించింది.

ప్రకటన ప్రకటనలాగే కనిపించాలన్నది ప్రెస్ కౌన్సిల్ నియమం. అయితే 1978 చట్టం ప్రకారం కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బే కాదు, ఉచిత వస్తువులు, హోటల్ బస, బార్టర్ తీసుకున్నా ఆ సంగతి చెప్పాల్సిందే. ఉచిత భోజనం తిని రాసిన మ్యాగజైన్ వ్యాసం కింద అలాంటి ఒక్క వాక్యం కనిపించడం అరుదు.

ఉద్యోగి చేతిలో ఏముంది?

కొంత ఉంది. సమీక్ష భోజనం బిల్లు పత్రికే కట్టడం, ఆతిథ్యం తీసుకుంటే ఆ మాట అచ్చు వేయడం, ‘ప్రకటన’ అన్న పదాన్ని చదవగలిగే సైజులో పెట్టడం. చికిత్స గురించి రాస్తే ఖర్చు, దుష్ప్రభావాలు, ఆ క్లినిక్‌తో సంబంధం లేని మరో డాక్టరు మాట చేర్చడం. ఇవి పెద్ద విప్లవాలేమీ కావు. అయినా జీతం ప్రకటనల నుంచే వస్తుందని తెలిసిన ఆఫీసులో వీటిని పట్టుబట్టి అడగడం తేలిక కాదు. జూనియర్ సబ్ ఎడిటర్ ఒక్కరే అడిగితే సాగదు, ఎడిటర్ వెనక నిలబడాలి.

నిలబడడానికి వ్యాపార కారణం కూడా ఉంది. ఎక్కడ తినాలో, ఏం కొనాలో చెప్పేవారు ఇప్పుడు ఫోన్‌లో వేలమంది ఉన్నారు. వేగంలోనూ, ఖర్చులోనూ మాసపత్రిక వారితో పోటీపడలేదు. డబ్బిచ్చి కొనలేని పేజీలు కొన్నయినా తన దగ్గర ఉన్నాయని పాఠకుడు నమ్మితేనే దానికి చోటుంటుంది. ఆ నమ్మకం ఉన్న పత్రికలోనే ప్రకటనకూ విలువ.