రాక్స్‌బర్గు గ్రంథములందు తెలుగు వృక్షనామములు

చిత్రావతీ తీరమందలి పుట్టపర్తి వానమబ్బునకై ఎదురుచూచు సీమలోనిది. సగటున ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు ఈ అనంతపురపు మెట్టప్రాంతమున, రాతినేలలపై నిలువగల వృక్షములలో నారేపి యొకటి. దాని ఆకు పశువులకు మేత, పట్టనుండి తీసిన నార మోకులకు ఆధారము, చేవ మిక్కిలి గట్టిది. వృక్షశాస్త్రమున దీనికి హార్డ్‌వికియా బైనేటా యని పేరు. ఆ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గు.

ఈతడు 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, 1776లో మద్రాసునందు కంపెనీ వైద్యోద్యోగమున చేరెను. 1781 మొదలు సామర్లకోట అతని నివాసమయ్యెను. అతనికి ముందే తరంగంబాడికి వచ్చి దక్షిణదేశపు మొక్కలను సేకరించిన లిన్నేయసు శిష్యుడు కోనిగు, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను. 1793లో రాక్స్‌బర్గు కలకత్తా వృక్షోద్యానమున కధ్యక్షుడై తరలిపోయెను. అనంతపురపు సీమ కంపెనీ వశమైనది 1800లో. కావున అతడు మన మెట్టసీమలో ఉద్యోగము చేసినవాడు కాడు. అయినను తెలుగుదేశమున గడపిన ఆ పండ్రెండేండ్లే అతని కృషికి పునాది.

అతని ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథము 1795 మొదలు మూడు సంపుటములుగా, 300 చిత్రఫలకములతో లండనులో వెలువడెను. నారేపి మూడవ సంపుటమున నున్నది. ఫలకములకు మూలమైన చిత్రములు భారతీయ చిత్రకారులు వ్రాసినవి. ముఖపత్రముపై వారి పేర్లు లేవు. హార్డ్‌విక్ అను సైనికోద్యోగి పేరు మాత్రము ఒక వృక్షజాతికే నిలిచినది!

తెలుగు పరిశోధకులకు ఈ గ్రంథమున ముఖ్యమైన విషయము వేఱొకటి కలదు. వర్ణనల సరసనే రాక్స్‌బర్గు ‘తెలింగ’ నామములను వ్రాసికొనెను. నిఘంటుకర్త బ్రౌను జన్మించుటకు పూర్వమే ఈ సేకరణ జరిగినది. అందు సోమిద కథ రమ్యమైనది. దాని బెరడు జ్వరహరమని యెంచి, సింకోనాకు బదులుగా వాడవచ్చునని అతడు ప్రతిపాదించెను. తరువాత 1830లో జూస్యూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ తెలుగు పేరునే ‘సోయ్‌మిడా’ యని జాతినామముగా స్థిరపఱచెను. పల్లెవారి నోటిమాట లాటిను వేషము ధరించినది.

అయితే ఇచ్చట చిక్కు కలదు. ఆంగ్లలిపిలో దకార డకారములకు భేదము తెలియదు, హ్రస్వదీర్ఘములును అంతే. లిపిని మాత్రమే నమ్మినచో సోమిదయో సోమిడయో తేలదు. రాక్స్‌బర్గు పేర్లను యథాతథముగా తెలుగు లిపిలోనికి మార్చి పట్టిక వేయుట పరిశోధన కాజాలదని మా యభిప్రాయము. ప్రతి పేరును ఊరివారి ఉచ్చారణతో సరిచూడవలెను. నారేపి పేరునే చూడుడు: ‘ఏపి’ చెట్టు పేరు, ‘నార’ దాని ప్రయోజనము. మోకులు పేనువారు తగ్గినకొలది పూర్వపదము వాడుకనుండి జారిపోవును. వట్టి ‘ఏపి’ మిగులును.

రాక్స్‌బర్గు సామర్లకోటలో వాతావరణ వివరములను క్రమముగా లెక్కించుచుండెను. 1789–92 నాటి దారుణ క్షామమును చూచి, కొబ్బరి, పనస, తాటి వంటి చెట్లను విరివిగా నాటింపవలెనని సూచించెను. వానిలో కొబ్బరి, పనస నీరుగల సీమకు తగిన చెట్లు. పుట్టపర్తి పరిసరములకు తగినది, అతడే పేరుపెట్టిన నారేపి.