వార్తల్లో పదం: ఓపెన్ లైసెన్స్

ఆంధ్ర తీరం దక్షిణపు కొసన ఉన్న పులికాట్ సరస్సుకు చలికాలంలో రాజహంసలు, దగ్గర్లోని నేలపట్టుకు గూడబాతులు వస్తాయి. వాటిని లెక్కగట్టి ఇంటర్నెట్‌లో పెట్టినంత మాత్రాన ఆ డేటా అందరి సొత్తు అయిపోదు. దాన్ని ఎవరైనా ఏ షరతులతో వాడుకోవచ్చో హక్కుదారు ముందే రాసిచ్చే అనుమతే ఓపెన్ లైసెన్స్.

అవసరమేంటి? ఫలానా రోజు, ఫలానా చెరువులో ఇన్ని పక్షులున్నాయన్న వాస్తవానికి కాపీరైట్ ఉండదు. కానీ మన 1957 కాపీరైట్ చట్టం డేటాబేస్‌లనూ సాహిత్య రచనల్లోనే చేర్చింది. సమాచారం ఎంపికలో, అమరికలో సృజన ఉంటే హక్కు వస్తుంది. జతచేసిన ఫొటోలు, పటాలపై వాటి హక్కు వేరు. అందుకే పంచుకునే ముందు ఒక్కోదానికీ అనుమతి తీసుకోవాలి, రానివాటిని తీసేయాలి.

ఏవేవి? క్రియేటివ్ కామన్స్ సంస్థ తొలి లైసెన్సులు 2002లో వచ్చాయి. ‘సీసీ బై’ అయితే మూలకర్త పేరు చెప్పి వాడుకోవచ్చు. ‘బై-ఎన్‌సీ’ అయితే వ్యాపారానికి వాడకూడదు. ‘సీసీ జీరో’తో హక్కులన్నీ వదులుకున్నట్టే. అంతర్జాతీయ జీవవైవిధ్య డేటా వేదిక జీబిఫ్ ఈ మూడింటినే అంగీకరిస్తుంది. మన ప్రభుత్వ డేటాకు 2017 నుంచి ప్రత్యేక లైసెన్స్ ఉంది.

ఏది మేలు? ‘ఎన్‌సీ’ పెడితే అమ్మకానికి వేసే పాఠ్యపుస్తకానికీ ఆ లెక్కలు అందకపోవచ్చు. కష్టపడి లెక్కించినవారికి పేరు, చదివేవారికి స్వేచ్ఛ రెండూ దక్కాలంటే ‘సీసీ బై’ మంచిది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం కాబట్టి, వేటగాళ్లకు ఆచూకీ ఇచ్చే అరుదైన పక్షుల గూళ్ల వివరాలను ముందే పక్కన పెట్టాలి.