జవాబు చెప్పింది మరో విమానం

1996 నవంబర్ 19. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, క్విన్సీ విమానాశ్రయం. సాయంత్రం ఐదు దాటింది. పదిమంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లతో షికాగో వైపు నుంచి వచ్చిన బీచ్‌క్రాఫ్ట్ 1900 దిగబోతోంది. ఆ రన్‌వేకు అడ్డంగా పోయే ఇంకో రన్‌వే దగ్గర రెండు చిన్న విమానాలున్నాయి. ముందు కింగ్ ఎయిర్, దాని వెనక చెరోకీ.

క్విన్సీలో కంట్రోల్ టవర్ లేదు. చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లో చాలాచోట్ల అంతే. ఎవరు ముందో, ఎవరు ఆగాలో చెప్పే మనిషి ఉండడు. పైలట్లే ఉమ్మడి రేడియో ఫ్రీక్వెన్సీలో తామెక్కడున్నారో చెప్పాలి, అవతలివాళ్లు చెప్పేది వినాలి, కళ్లతోనూ చూసుకోవాలి.

బీచ్‌క్రాఫ్ట్ పైలట్లు తాము వస్తున్నామని పదేపదే చెప్పారు. కింగ్ ఎయిర్ ఆగుతుందా, బయల్దేరుతుందా అని సూటిగా అడిగారు కూడా. కింగ్ ఎయిర్ పలకలేదు. వెనకనున్న చెరోకీ పైలట్ పలికాడు, తాను ఆగి ఉన్నానని. సరిగ్గా అప్పుడే బీచ్‌క్రాఫ్ట్ కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే యంత్రం మోగి ఆ మాటలో కొంత వినబడకుండా చేసింది. జవాబిచ్చింది కింగ్ ఎయిరే అనుకున్న పైలట్లు కృతజ్ఞతలు చెప్పి దిగారు. వాళ్లు పొరబడ్డారని చెరోకీ నుంచి మాట రాలేదు.

రెండు రన్‌వేలు కలిసేచోట, దిగిన బీచ్‌క్రాఫ్ట్, అప్పటికే బయల్దేరిన కింగ్ ఎయిర్ ఢీకొన్నాయి. మొత్తం 14 మంది చనిపోయారు.

కింగ్ ఎయిర్‌లోని వాళ్లు రేడియో సరిగా వినకపోవడం, చుట్టూ చూసుకోకపోవడం ముఖ్య కారణమని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. చెరోకీ జవాబు అపార్థానికి దారితీసిందని కూడా చెప్పింది.

దర్యాప్తులో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం వేరే ఉంది. బీచ్‌క్రాఫ్ట్‌లోని వాళ్లు ఢీకొన్న దెబ్బకు బతికి బయటపడగలిగేవాళ్లే. దగ్గర్లో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి తలుపు లాగారు. అది తెరుచుకోలేదు. పొగ, మంటలు చుట్టుముట్టాయి. విమానాశ్రయంలో అగ్నిమాపక దళం లేదు, ఊళ్లోంచి ఫైరింజన్ వచ్చేసరికి సుమారు 14 నిమిషాలు పట్టింది. 30 సీట్లకు మించని విమానాలు మాత్రమే వచ్చే చోట అలాంటి దళం ఉండాలన్న నిబంధన అప్పట్లో లేదు. టికెట్ కొన్న ప్రయాణికుడికి ఈ తేడా ఎవరు చెబుతారు? పది నుంచి 30 సీట్ల విమానాలు షెడ్యూలు ప్రకారం నడిచే విమానాశ్రయాలను అమెరికా 2004లో భద్రతా ధ్రువీకరణ నిబంధనల కిందికి తెచ్చింది.