రేకు మీద ఫోటో ఎందుకు మసకబారింది?

పాఠశాల వార్షికోత్సవంలో బహుమతిగా ఇచ్చే షీల్డును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? చెక్క పలక మీద నిగనిగలాడే పలుచని అల్యూమినియం రేకు, దాని మీద రంగుల ఫోటో, కింద పేరు. తడిగుడ్డతో తుడిచినా ఆ రంగు చెదరదు. గోటితో గీకితే ఊడదు. కారణం, ఆ రంగు పైన పూసింది కాదు. రేకు మీద ఉన్న పారదర్శకమైన గట్టి పూత లోపలికి ఇంకి ఉంది. లోపలికి ఎలా వెళ్లిందంటారా? వాయువుగా మారి వెళ్లింది!

మూత సరిగా పెట్టని డబ్బాలో కర్పూరం బిళ్లలు కొన్నాళ్లకు చిన్నవైపోతాయి. బట్టల పెట్టెలో వేసిన కలరా ఉండలు కరిగి నీరు కాకుండానే మాయమవుతాయి. ఘనపదార్థం ద్రవంగా మారకుండా నేరుగా వాయువు కావడాన్ని ఉత్పతనం అంటారని మీరు చదువుకున్నారు. కొన్ని అద్దకపు రంగులకు కూడా ఈ గుణం ఉంది. అయితే కర్పూరానికి గదిలోని వేడి చాలు. ఈ రంగులకు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

పని ఇలా జరుగుతుంది. ముందుగా బొమ్మను కాగితం మీద అచ్చు వేస్తారు, అద్దంలో కనబడినట్టు కుడి ఎడమలు తారుమారుగా. ఆ కాగితాన్ని రేకు మీద బోర్లించి, హీట్ ప్రెస్ అనే యంత్రంలో పెట్టి, వేడి పలకతో ఒక నిమిషం అటూ ఇటూగా గట్టిగా నొక్కి ఉంచుతారు. కాగితం మీది రంగు ఆవిరవుతుంది. అదే సమయంలో రేకు మీది పూత కూడా వేడెక్కుతుంది. ఆ పూత పాలిస్టర్ జాతి పదార్థం. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు తయారు చేసిన పాలిస్టర్ దారం, మీ చొక్కాలో కలిసే దారం, దీనికి బంధువే. పాలిస్టరులో అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. వేడికి ఆ గొలుసులు సడలుతాయి, సందుల్లోకి రంగు ఆవిరి దూరుతుంది. చల్లారగానే గొలుసులు బిగుసుకుంటాయి. రంగు లోపలే చిక్కుకుపోతుంది. పూత లేని వట్టి అల్యూమినియం మీద ఈ పని జరగదు. లోహంలో రంగు దూరేందుకు దారి లేదు.

ఇంతవరకు బాగానే ఉంది. మరి కొన్ని షీల్డుల మీద ముఖాలు వెలవెలబోతూ, మసకగా, ఒక్కోసారి రెండేసి ముక్కులతో ఎందుకు కనిపిస్తాయి?

మా ఊళ్లో షీల్డులు చేసే ఒక చిన్న దుకాణంలో ఒక ఏడు వరసగా రేకులు పాడయ్యాయి. ప్రింటరే చెడిందని, కొత్తది కొనాలని యజమాని నిశ్చయానికి వచ్చాడు. చిన్న దుకాణానికి అది అప్పు చేయవలసిన ఖర్చు. పైగా పాడైన రేకును చెరిపి మళ్లీ వాడడం కుదరదు, రంగు లోపలికి దిగిపోయింది కదా! రోగమేదో తెలుసుకోకుండా మందు మార్చడం నాకు నచ్చని పని. మా పదో తరగతి పిల్లలు పాడైన రేకులన్నీ బల్ల మీద పరిచి, లోపాన్ని బట్టి కుప్పలుగా విడదీశారు.

మొదటి కుప్పలో రంగు పాలిపోయినవి. అంటే ఆవిరి తగినంత రాలేదన్న మాట. వేడి చాలకపోవచ్చు, సమయం చాలకపోవచ్చు, ఒత్తిడి తక్కువ కావచ్చు. దీనికి సాక్ష్యం వాడి పారేసిన కాగితమే. దాని మీద ఇంకా చిక్కగా రంగు మిగిలి ఉంటే, వెళ్లవలసినది వెళ్లలేదు. ఒక మూల మాత్రమే పాలిపోతే, ఆ మూల పలక సరిగా ఆనలేదో, అక్కడ వేడి తగ్గిందో చూడాలి. అట్ల పెనం చూడలేదూ, మధ్యలో మాడుతుంది, అంచున పచ్చిగా ఉంటుంది! అన్నట్టు, నొక్కకముందు కాగితం మీద రంగులు ఎలాగూ వెలిసినట్టే ఉంటాయి. అది చూసి కంగారుపడనక్కరలేదు.

రెండో కుప్ప దీనికి వ్యతిరేకం. నలుపు గోధుమరంగుకు తిరిగింది, గీతల అంచులు అలుక్కుపోయాయి. వేడి గానీ సమయం గానీ ఎక్కువైతే రంగు అణువులు పూతలో తమ చోట నిలవకుండా పక్కలకు కూడా వ్యాపిస్తాయి.

మూడోది అన్నిటికన్నా పెద్ద కుప్ప. బొమ్మ పక్కన నీడలాంటి రెండో బొమ్మ! దీన్ని అర్థం చేసుకోవాలంటే ముగ్గు అచ్చు తెచ్చుకోండి, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పలక. నేలకు ఆనించి పిండి రాస్తే చుక్కలు తీరుగా పడతాయి. అంగుళం ఎత్తున పట్టుకుని రాస్తే పిండి చెదిరిపోతుంది. రాసేటప్పుడు అచ్చు కాస్త జరిగిందా, ముగ్గు రెండుగా పడుతుంది. ఇక్కడ పిండికి బదులు ఆవిరి. వాయువుకు సందు దొరికితే చాలు, అటు పోతుంది.

లోహంతో ఉన్న చిక్కు ఇక్కడే. యంత్రం పలక పైకెత్తగానే పని అయిపోయిందనుకుంటాం. కానీ రేకు ఇంకా సలసలా కాగుతూనే ఉంది, కాగితం నుంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది. ఒత్తిడి పోయింది గనుక కాగితం వంపు తిరిగి పైకి లేస్తుంది, లేదా కాస్త జరుగుతుంది. ఆ క్షణంలో నీడబొమ్మ పడుతుంది. అందుకే కాగితాన్ని ముందుగానే వేడికి తట్టుకునే టేపుతో కదలకుండా అంటించాలి. పలక ఎత్తిన వెంటనే ఒక్క ఊపులో నేరుగా పైకి లాగేయాలి. మెల్లగా తీయడం కన్నా తీయకపోవడం నయం.

నాలుగో కుప్పలో మచ్చలు. వానాకాలంలో కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 1 మిల్లీలీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. నొక్కి ఉంచిన కాగితం కింద అంత ఆవిరి ఎటు పోతుంది? రంగును తోసుకుంటూ పోతుంది! నొక్కే ముందు వేడి పలక కింద కొన్ని క్షణాలు కాగితాన్ని ఆరబెడితే సరిపోతుంది. దుమ్ము, నూలుపోగు కూడా మచ్చ చేస్తాయి.

ఐదో కుప్పలో ముఖాలు గళ్లుగళ్లుగా ఉన్నాయి. ఈ లోపానికీ వేడికీ సంబంధం లేదు. 6 అంగుళాల బొమ్మ స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 1,800 చుక్కలు కావాలి. గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖంలో 300 చుక్కలే ఉంటే అంగుళానికి వచ్చేవి 50. ఫోటో ఇచ్చినవాళ్లనే మంచిది అడగాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో ఇంకా చిక్కిపోతుంది.

ఇక ప్రింటరు సంగతి. నొక్కకముందు కాగితాన్ని భూతద్దంతో చూశాం. అక్షరాల అంచులు సూదిలా ఉన్నాయి. అంటే కాగితం దాకా తప్పు జరగలేదు, ఆ తర్వాతే జరిగింది. వేడి, సమయం, ఒత్తిడి దేనినీ కదపకుండా ముందు టేపు ఒక్కటి అంటించి చూడమన్నాం. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా! నీడబొమ్మ పోయింది. కొత్త ప్రింటరు కొనలేదు.

ఒకే ఒక్క రేకు ఏ కుప్పలోనూ ఇమడలేదు. అందులో పెళ్లికొడుకు తెల్ల చొక్కా, పళ్లు వెండిలా మెరుస్తున్నాయి! అది లోపం కాదు. ఈ సిరాల్లో తెలుపు రంగు ఉండదు. తెల్లగా ఉండవలసిన చోట ఏ రంగూ పడదు, అడుగున ఉన్నదే కనిపిస్తుంది. ఆ రేకుకు తెల్ల పూతకు బదులు పారదర్శకమైన పూత ఉంది. మనకు కనిపించినది అల్యూమినియమే.