కల్లు అలవాటు రక్తంలోనే ఉంటుందా?

ఎల్లారెడ్డి దగ్గర పల్లెలో ఉంటున్న ఒక సోదరి సందేహం ఇది. ఆమె మామగారు కల్లు తాగి తాగి పోయారు. భర్తకు నలభై ఏళ్లు. సాయంత్రం రెండు మూడు సీసాలు పడనిదే నిద్రపట్టదు. కిందటి నెల అన్నదమ్ములంతా కూడబలుక్కుని, మాన్పించి తీరాలని ఆయన్ని గదిలో పెట్టి బయట గొళ్లెం వేశారట. రెండో రోజుకి చేతులు వణికాయి. గోడమీద పాములున్నాయని కేకలు పెట్టాడు. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. కామారెడ్డి తీసుకువెళితే బతికి బయటపడ్డాడు. ఇప్పుడు అత్తగారు "ఆ ఇంటి రక్తమే అంత బిడ్డా, ఏం జేస్తం?" అంటున్నారట. "మా బాబుకి పదహారేళ్లు. వాడికీ రాసిపెట్టి ఉందా డాక్టరు గారూ?" అని ఆమె ప్రశ్న.

ముందు ఆ ఫిట్స్ సంగతి చూద్దాం. దానికీ వంశానికీ సంబంధం లేదు. అది సీసాలోంచి వచ్చింది. తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చే కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలు. కానీ ఈ ప్రాంతంలో అనేకచోట్ల కల్లు పేరుతో అమ్మేదానిలో డైజోఫాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలుపుతున్నారు. డాక్టరు చీటీ మీద లెక్కపెట్టి ఇవ్వవలసిన మందులవి. ఎంత కలిపారో తాగేవాడికి తెలియదు, కలిపినవాడికీ సరిగా తెలియదు.

మన మెదడుకు పుట్టుకతోనే ఒక బ్రేకు ఉంది. డైజోఫాం, ఆల్ప్రాజోలం ఆ బ్రేకును మరికాస్త నొక్కుతాయి. అందుకే హాయిగా, మత్తుగా ఉంటుంది. నెలల తరబడి రోజూ అలా నొక్కుతుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. అప్పుడు మందు హఠాత్తుగా ఆగిందా, అదుపు తప్పుతుంది. నిద్ర ఉండదు, చెమటలు, వణుకు, లేనివి కనపడటం, ఆపైన ఫిట్స్. ఇది మంచి వంశం వాడికీ వస్తుంది, చెడ్డ వంశం వాడికీ వస్తుంది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఇలాంటి రోగులు ఆస్పత్రులకు వరుస కట్టారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పటికి ఆ జిల్లాలోనివే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ అదే తాకిడి. తాగినా ముప్పు ఉందనేందుకు 2025 ఏప్రిల్ చాలు. కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి యాభైమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు.

కనుక గొళ్లెం వేయడం వైద్యం కాదు సుమా! మనిషి పట్టుదలను మెచ్చుకోవచ్చుగాని, ప్రాణం పోతే పట్టుదల ఎందుకు? డాక్టరు అదే జాతి మందును కొలతగా ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు. ఆ పని మీరే మెడికల్ షాపులో మాత్రలు కొని చేయకూడదు. రోజుకి ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, ఆఖరిసారి ఎప్పుడు అన్న మూడూ దాచకుండా చెప్పండి. ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు.

ఇక రక్తం మాట. అత్తగారు పూర్తిగా తప్పు చెప్పలేదు. ఆల్కహాలుకు బానిస కావడంలో దాదాపు సగం పాత్ర వంశపారంపర్యానిదని కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు తేల్చాయి. అయితే దీనికి ఒక్క జన్యువు అంటూ లేదు. ఎన్నో జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయి. జపాను, చైనా వాళ్లలో చాలామందికి ఒక ఎంజైము సరిగా పనిచేయక, గుక్కెడు తాగితే ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది. వాళ్లు తాగుడికి బానిసలు కావడం తక్కువ. ఆ రక్షణ మన దేశంలో బహు అరుదు. డైజోఫాం విషయంలో మరో తేడా. దాన్ని అరగదీసే లివరు ఎంజైము మందకొడిగా ఉన్నవాళ్లు మనలో నూటికి పదిమందికి పైగా ఉంటారు. వాళ్ల ఒంట్లో ఆ మందు చాలా ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఒకే సీసా పంచుకున్న ఇద్దరిలో ఒకడు పొద్దున్నే పొలానికి పోతే, ఇంకొకడు మధ్యాహ్నం దాకా లేవకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

బాబు మాటకొస్తే, 1973లో డెన్మార్కులో ఒక పరిశోధన వెలువడింది. తాగుబోతు తండ్రులకు పుట్టి, పసితనంలోనే దత్తతపోయి వేరే ఇళ్లలో పెరిగిన మగపిల్లల్ని పరీక్షించారు. మిగతా దత్తత పిల్లలతో పోలిస్తే వీళ్లలో తాగుడు జబ్బు దాదాపు నాలుగింతలు. వినగానే గుండె జారుతుంది. కానీ అసలు లెక్క చూడండి. నూటికి 18 మంది. అంటే తక్కిన 82 మందికి ఆ జబ్బు రాలేదు!

అమెరికాలో షుకిట్ అనే డాక్టరు 1994లో ఇంకో విషయం చెప్పారు. తాగుబోతుల కొడుకుల్లో, తాగినా మత్తు పెద్దగా ఎక్కనివాళ్లే తరవాత బానిసలయ్యారు, నూటికి 56 మంది. త్వరగా మత్తెక్కినవాళ్లలో 14 మందే. మన ఊళ్లలో "వాడు ఎంత తాగినా తొణకడు" అని మీసం తిప్పి చెప్పుకుంటారే, అదే ప్రమాద సూచన. ఆపమని చెప్పే ఒళ్లు ఆలస్యంగా చెబుతుందన్న మాట.

వాడికి రక్తపరీక్ష చేయించాలా అని కూడా ఆ సోదరి అడిగారు. అక్కర్లేదు. బానిస అవుతాడో లేదో తేల్చే పరీక్ష ఇంతవరకు లేదు, ఉందని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. చలువ చేస్తుందని వాడికి గ్లాసెడు పోయడం, తండ్రికి సీసా తెమ్మని దుకాణానికి పంపడం మాత్రం ఇవాళే మానండి. షుగరు ఉన్న ఇంట్లో పిల్లలకు చెప్పినట్టే తాతగారి సంగతి, తండ్రి సంగతి తిట్టకుండా, దాచకుండా ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. భర్తను తిరిగి చూపించడానికి వెళ్లినప్పుడు వాడినీ వెంట తీసుకువెళ్లండి. మత్తు మాన్పించడానికి సలహా కావాలంటే 14446కి ఫోను చేయవచ్చు, పైసా ఖర్చు లేదు.