ఒట్టి చేతులతో బల్ల దగ్గరికి



నారాయణఖేడ్ ప్రాంతపు సంఘాలలో సేవ చేసేవారికి సంవత్సరం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. దసరా, దీపావళి దాటగానే చాలా ఇండ్లకు తాళాలు పడతాయి. పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి కొందరు, వెంటబెట్టుకొని కొందరు, భార్యాభర్తలు జతగా చెరకు నరకడానికి జహీరాబాద్ వైపో, కర్ణాటకకో, మహారాష్ట్రకో వెళ్లిపోతారు. క్రిస్మస్ ఆరాధనలో బెంచీలు ఖాళీగా ఉంటాయి. మళ్లీ చక్కెర ఫ్యాక్టరీలు ఆగే వేళకు, శ్రమకాల దినాలలో ఒక్కొక్క కుటుంబం తిరిగి వస్తుంది. అందుకే మాకు ఇంటింటి ప్రార్థనలు ఎక్కువగా జరిగేది ఈస్టరుకు ముందు వారాలలోనే.

అలా ఒక సంవత్సరం మట్టల ఆదివారం తరువాత ఒక ఇంటికి వెళ్లాం. ఇంటి యజమానికి నలభై ఏండ్లుంటాయి. సండేస్కూలు నుండి మన సంఘంలోనే పెరిగినవాడు. వాకిట్లో మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, నేలమీద కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక, ఈస్టరు ఆదివారం సంస్కారానికి అందరూ రండని చెప్పాం. భార్య సరేనన్నది. ఆయన మాత్రం తల ఎత్తలేదు.

"నేను రాను అయ్యగారూ. ఆమె వస్తది, పిల్లలు వస్తరు."

ఎవరితోనైనా తగాదా ఉందా అని అడిగాం. లేదన్నాడు. తాగుడు సంగతా అంటే అదీ కాదన్నాడు. చాలాసేపటికి నోరు విప్పాడు.

"మేస్త్రి బాకీనే తీరలె. సంఘం చందా రెండేండ్ల సంది కట్టలె. పోయినేడు బిడ్డకు జ్వరమొచ్చినప్పుడు మొక్కుకున్న కానుక గూడ పెట్టలె. ఒట్టి చేతులతోని బల్ల కాడికి ఎట్ల రావాలె? ఊకె తీసుకునుడు మాకు అలవాటు లేదు."

మేము వెంటనే ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము ఎనిమిది, తొమ్మిది వచనాలు గుర్తుచేశాం. రక్షణ కృపవలన కలిగేదే గాని మన క్రియలవలన కాదని చెప్పాం. "అవును అయ్యగారూ" అన్నాడు. ఆ వచనం ఆయనకు తెలియనిది కాదు, కంఠతా వచ్చు. వచనం నోట ఉన్నా మనసుకు ఆనలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక మాకు నిద్ర పట్టలేదు. ఈ లెక్క ఆయనకు ఎవరు నేర్పారు?

జవాబు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రతి సంస్కారపు ఆదివారం ప్రకటనలలో చందా బకాయి ఉన్నవారి పేర్లు చదివేది మేమే. పేర్లు చదివిన పది నిమిషాలకు అదే బలిపీఠం దగ్గర నిలబడి, రండి, తీసుకొనండి అని పిలిచేదీ మేమే. నోటితో కృప అని బోధించి, చేతిలో చిట్టా పట్టుకొని నిలబడ్డాం. వినేవాళ్లు దేనిని నమ్ముతారు? పేరు చదివినదానినే నమ్ముతారు.

అయితే తప్పంతా చిట్టాదే అనలేము. మన పల్లెల బ్రతుకే లెక్కమీద నడుస్తుంది. పెండ్లిలో కట్నాలు చదివించేటప్పుడు ఒకాయన పుస్తకం పట్టుకొని కూర్చుంటాడు. ఫలానా వారు ఇంత అని రాస్తాడు. రేపు వారింట పెండ్లి అయితే ఆ పుస్తకం తెరిచి, అంతకు తగ్గకుండా పెట్టి రావాలి. దానిని కానుక అంటాము గాని, నిజానికి అది తిరిగి ఇవ్వవలసిన అప్పు. ఇందులో చెడ్డతనమేమీ లేదు, బీదవారు ఒకరినొకరు ఆదుకొనే పద్ధతి అది. కాయకష్టం చేసి బ్రతికేవాడికి ఊరికే తీసుకోవడం సిగ్గు. ఆ సిగ్గును మేము గౌరవిస్తాము. కాని కృపకు అడ్డం వచ్చేది పాపిష్టితనం ఒక్కటే అనుకుంటాము గాని, చాలాసార్లు ఈ మంచి గుణమే అడ్డం వస్తుంది.

మన మెదకు మహాదేవాలయం సంగతే చూడండి. వెస్లియన్ మెథడిస్టు మిషనెరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఆ పని మొదలుపెట్టారు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం, ఈ ప్రాంతంలో కరువు. ఆకలితో ఉన్నవారికి ఊరికే పెట్టి వారి మర్యాద తీయడం కన్నా, పని కల్పించి తిండి పెట్టడం మేలని తలచారని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, నూట డెబ్బై అయిదు అడుగుల గోపురం. ఆకలిగొన్నవారి చేతులతో లేచిన గుడి అది. ఆ సాయం చేసిన తీరు ఎంతో ఘనమైనది. కాని ఇప్పటికీ కొన్ని ఇండ్లలో "మా తాత ఆ గుడికి రాళ్లు మోసిండు" అనే మాట, దేవుని దగ్గర తమ ఖాతాలో ఏదో జమ ఉన్నట్టుగా వినిపిస్తుంది. రాయి మోసిన తాతకు ఆ దినపు తిండి ఆ దినమే ముట్టింది, అక్కడికి లెక్క సరి. ఆ గుడిలోపల బల్లమీద ఉన్నది మాత్రం ఎవరి కూలీ కాదు. రాయి మోసినవాడికీ, మోయనివాడికీ, నక్షా గీసిన ఇంజనీరుకూ అక్కడ ఒకే రొట్టె.

ఆ మిషనెరీలకు ఈ సంగతి తెలియక కాదు. వారి సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ జీవితమే దానికి సాక్ష్యము. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివి, అభిషేకం పొందిన గురువు. ఉపవాసాలుండేవాడు, చెరసాలలో ఉన్నవారిని దర్శించేవాడు, సువార్త కొరకు 1735లో ఓడ ఎక్కి అమెరికాలోని జార్జియాకు వెళ్లినవాడు. ఇంత జమ ఉండికూడ 1738లో నిరాశతో తిరిగివచ్చాడు. ఆ సంవత్సరం మే 24 సాయంత్రం లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, మనసు లేకపోయినా ఒక కూడికకు వెళ్లాడు. రోమా పత్రికకు మార్టిన్ లూథర్ వ్రాసిన పీఠికను అక్కడ ఎవరో చదువుతున్నారు. తొమ్మిది గంటలు కావస్తుండగా, క్రీస్తును మాత్రమే నమ్ముకొనడం అంటే ఏమిటో తనకు తెలిసిందని ఆయన తన దినచర్యలో వ్రాసుకున్నాడు. చందా బకాయి లేని మనిషికి కూడా కృప అర్థం కావడానికి అన్నేండ్లు పట్టింది. మన నారాయణఖేడ్ కూలివానికి ఒక్క సందర్శనలో అర్థం కాలేదని మేము విసుక్కోవడం ఏమి న్యాయం?

రోమా పత్రిక ఆరవ అధ్యాయము ఇరువది మూడవ వచనంలో పౌలు రెండు మాటలు పక్కపక్కన పెట్టాడు. పాపము ఇచ్చేదానికి వాడిన గ్రీకు మాట "ఒప్సోనియా". అది సైనికునికి చెల్లించే జీతబత్తెము. దేవుడు ఇచ్చేదానికి వాడిన మాట "ఖారిస్మా". కృప అనే అర్థంగల "ఖారిస్" నుండి పుట్టినది. పాపము మేస్త్రివంటిది, పైసతో సహా లెక్కగట్టి ఇస్తుంది. దేవుని దగ్గర కూలి చీటీ లేదు.

మత్తయి సువార్త ఇరువదవ అధ్యాయములోని ద్రాక్షతోట కూలీల ఉపమానం మన వారికి విడమరచి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున కూలీల అడ్డాలో నిలబడినవారికి అది తమ కథే. బలంగా ఉన్నవాణ్ణి ముందు తీసుకుపోతారు. చివరిదాకా మిగిలేది ఎవరు? ముసలివాడు, కాలు కుంటివాడు, నిన్ననే జ్వరం తగ్గినవాడు. సాయంత్రం అయిదింటికి కూడా నిలబడి ఉన్నవారిని యజమాని ఎందుకు ఖాళీగా ఉన్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలువలేదన్నారు. ఒక్క గంట పనికి వారికీ ఒక దేనారమే ఇచ్చాడు. దేనారము ఆ కాలంలో ఒక దినపు కూలి. అంతకు తగ్గితే ఆ పూట ఇంట్లో పిల్లలు పస్తే. యజమాని వారి పని గంటలను చూడలేదు, వారి పొయ్యిని చూశాడు.

ఇందులో ఒక సంగతి మాకు చాలాకాలం తట్టలేదు. యజమాని చివర వచ్చినవారికి మొదట ఇప్పించాడు. పొద్దున వచ్చినవారికి ముందు ఇచ్చి పంపితే గొడవే ఉండేది కాదు, వారు సంతోషంగా ఇంటికి పోయేవారు. కావాలనే వారిని నిలబెట్టి చూపించాడు. పొద్దుటినుండి పనిచేసినవారికి, అంటే మావంటి గురువులకూ, సంఘ పెద్దలకూ, కృప ఎలా ఉంటుందో కండ్లారా చూడడం అవసరమని ఆయనకు తోచింది.

మన రైతులు మరొక పోలిక చెబుతారు, రుణమాఫీ. 1990లో పదివేల దాకా మాఫీ జరిగింది. 2008లో కేంద్రం చేసింది. 2014లో కొత్త రాష్ట్రంలో లక్ష దాకా, 2024లో రెండు లక్షల దాకా ప్రకటించారు. మాఫీ అయిననాడు ఇంట్లో ఎంత తేలికో మాకు తెలుసు. పోలిక కొంతవరకు సరిపోతుంది. కాని మాఫీకి జాబితా ఉంటుంది. ఫలానా తేదీలోపు తీసుకున్న అప్పు అయి ఉండాలి, రేషన్ కార్డు ఉండాలి, పాసు పుస్తకం ఉండాలి. షావుకారు దగ్గర తెచ్చినది, మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు, అవి ఏ మాఫీలోనూ రావు. అన్నిటికన్నా బీదవాడు, భూమి లేనివాడు, జాబితాకు బయటే మిగిలిపోతాడు. కృపకు కాగితం అక్కరలేదు. జక్కయ్యకు ఏ కాగితం ఉంది? సిలువమీది దొంగకు ఏ కార్డు ఉంది?

ఇంకొక మాట. మాఫీ అంటే అప్పు గాలిలో కలిసిపోయిందని కాదు. బ్యాంకుకు ఎవరో కట్టారు, సర్కారు ఖజానా నుండి కట్టారు. మన తాతల కాలంలో అప్పు తీర్చలేనివాడు పటేలు ఇంట జీతం ఉండేవాడు. అతడు చనిపోతే కొడుకు ఉండేవాడు. 1976 చట్టంతో ఆ వెట్టి నిషేధమైంది గాని, ఆ మనిషిని ఎవరైనా విడిపించాలంటే బాకీ మొత్తం తన ముల్లె విప్పి చెల్లించవలసి వచ్చేదని ముసలివారు ఇప్పటికీ చెబుతారు. విమోచన అనే మాటకు అర్థం అదే. మనకు ఉచితమైనది ఆయనకు ఉచితము కాదు. పారిపోయిన దాసుడైన ఒనేసిము కొరకు పౌలు ఫిలేమోనుకు వ్రాస్తూ, అతడు ఏమైనా బాకీ ఉంటే నా పేర వేసుకొమ్మన్నాడు. చిట్టా కాల్చమని చెప్పలేదు, పేరు మార్చమన్నాడు.

అలాగైతే ఎట్లా బ్రతికినా ఫరవాలేదా అని పెద్దలు కొందరు అడుగుతారు. చందాలు ఎవరు కడతారని కోశాధికారులు అడుగుతారు, అది మాకు ఇంకా బాగా తెలిసిన ప్రశ్న. జక్కయ్య సంగతి వరుసగా చదవండి. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇచ్చాక యేసు అతని ఇంటికి రాలేదు. ముందు పేరు పెట్టి పిలిచాడు, ఇంటికి వచ్చాడు. ఇచ్చే మనసు ఆ తరువాత కలిగింది. తీతుకు వ్రాసిన పత్రికలో కూడా కృపయే మనకు బుద్ధి నేర్పుతుందని ఉంది, బుద్ధి నేర్చుకుంటే కృప దొరుకుతుందని లేదు.

పెద్ద శుక్రవారానికి ముందు మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. ఈసారి వచనం చెప్పలేదు. మొదట, పేర్లు చదివినందుకు మమ్మల్ని క్షమించమని ఆయనను అడిగాం. ఆయన కంగారుపడి లేచి నిలబడ్డాడు. "అట్లనకుండ్రి అయ్యగారూ" అన్నాడు. మాతో వచ్చిన అమ్మగారు మెఫీబోషెతు కథ చెప్పింది. రెండు కాళ్లూ కుంటివాడు, లోదెబారులో ఒకరి ఇంట తలదాచుకున్నవాడు, దావీదు చేతిలో చావు తప్పదనుకున్నవాడు. రాజు అతణ్ణి తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అతడు ఏమి తెచ్చాడు? ఏమీ తేలేదు. తండ్రి యోనాతానుతో దావీదు ఎప్పుడో నిబంధన చేశాడు. ఇతని పేరు కూడా దావీదుకు అప్పటికి తెలియదు. ఆ తండ్రి కొరకే ఇతనికి చోటు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, "అయితే అది నా లెక్క గాదు, యోనాతాను లెక్క" అన్నాడు. మేము అయిదేండ్లు థియాలజీ చెప్పినా ఇంత చిన్నగా చెప్పలేకపోయేవాళ్లం.

ఈస్టరు ఆదివారం ప్రకటనలలో బకాయి పేర్లు చదువలేదు. ఆ లెక్కలు ఇప్పుడు కమిటీ కూడికలో చూసుకుంటున్నాం. వసూలు తగ్గిందా అంటే కొంత తగ్గింది, దాచడం ఎందుకు. ఆయన వచ్చాడు. వరుసలో అందరికన్నా వెనుక నిలబడ్డాడు. మోకరించి రెండు చేతులు చాచినప్పుడు చూశాము, చెరకు ఆకు కోసిన గాట్లు అరచేతులనిండా ఇంకా మానలేదు. ఆ గాట్లమీదనే రొట్టె పెట్టాం.

కోతపండుగకు ఆ కుటుంబం ఒక చిన్న మూట జొన్నలు తెచ్చింది. బల్ల పక్కన కోశాధికారి అలవాటు ప్రకారం పుస్తకం తెరిచి పేరు అడిగాడు. ఆయన మూట కింద పెట్టి, "రాయకుండ్రి" అని, పోయి తన చోట కూర్చున్నాడు.