పెద్దలకు గౌరవమే కాదు, పనీ కావాలి

మన ఇళ్ళలో పెద్దలను గౌరవించని వారు అరుదు. వారు రాగానే లేచి నిలబడతాము, సలామ్ చెబుతాము, మంచి కుర్చీ చూపుతాము. కాని ఆ కుర్చీలో కూర్చున్న తరువాత వారితో ఎవరు మాట్లాడుతున్నారు? కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు, మనుమడు సెల్‌ఫోన్‌లో మునిగి ఉంటాడు. గౌరవానికి లోటు లేదు, లోపించినది సాంగత్యం.

ఒంటరితనం వృద్ధులకే పరిమితమని భావించడం పొరపాటు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దానితో బాధపడుతున్నారని, యువతలో ఈ బాధ మరింత ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025లో వెల్లడించింది. అంటే ఒకే ఇంట్లో ఉన్న తాత, మనుమడు ఇద్దరూ ఒంటరివారే కావచ్చు.

ఈ రెండు ఒంటరితనాలను ఒకచోట చేర్చిన ఉదాహరణ నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో ఉంది. అక్కడి హ్యూమానిటాస్ వృద్ధుల నివాసం కొందరు విద్యార్థులకు అద్దె లేకుండా గదులు ఇచ్చింది. అందుకు బదులుగా వారు నెలకు 30 గంటలపాటు వృద్ధులకు మంచి పొరుగువారిగా మెలగాలి. వైద్యసేవ చేయనవసరం లేదు. కలిసి భోజనం చేయడం, కబుర్లు చెప్పుకోవడం, కంప్యూటరు నేర్పడం చాలు. జపాన్ రాజధాని టోక్యోలోని కోటోయెన్‌లో వృద్ధాశ్రమం, శిశు సంరక్షణ కేంద్రం ఒకే కప్పు కింద నడుస్తున్నాయి.

ఇటువంటి ఏర్పాట్ల బలం ఒక్క విషయంలో ఉంది. అక్కడ వృద్ధుడు కేవలం సేవ పొందేవాడు కాదు. అతని కోసం ఎదురుచూసేవారు ఉంటారు. ఏదైనా అందుకున్నప్పటికంటే ఇవ్వగలిగినప్పుడే మనిషికి తన విలువ తెలుస్తుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) చిన్నల పట్ల కరుణను, పెద్దల పట్ల గౌరవాన్ని ఒకే బోధనలో జోడించి చెప్పారు. ఆ రెంటినీ కలిపి ఆచరించడానికి మన మహల్లాలలో పెద్ద నిధులేమీ అక్కరలేదు. మస్జిద్ ఆవరణలోనో, పాఠశాల గదిలోనో వారానికి ఒక గంట చాలు. ఒక పెద్దాయనకు ఒక యువకుడిని, ఒక నానమ్మకు ఒక అమ్మాయిని జతచేయండి. పెద్దలు ఉర్దూ అక్షరాలు, కుట్టుపని, వ్యాపారపు లెక్కలు, షీర్ ఖుర్మా వండే పద్ధతి నేర్పవచ్చు. పిల్లలు దూరదేశంలోని కొడుకుతో వీడియోలో మాట్లాడడం నేర్పవచ్చు. ప్రభుత్వ పింఛనుదారులు ఏటా సమర్పించవలసిన జీవన ధ్రువీకరణ పత్రాన్ని ‘జీవన్ ప్రమాణ్’ ద్వారా సెల్‌ఫోన్‌లోనే పంపే వీలుంది. ఎవరి సాయమూ లేక కార్యాలయం మెట్లు ఎక్కుతున్న పెద్దలకు ఆ పది నిమిషాల సాయం ఎంతో మేలు.

అయితే ఒక హెచ్చరిక. అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం పేరిట శాలువా కప్పి, ఫోటో తీసి ఇంటికి పంపితే పని పూర్తి కాదు. రెండు వారాలు వచ్చి మానేసే యువకుడు, అసలు రాని వానికంటే ఎక్కువ బాధ మిగులుస్తాడు. కనుక తక్కువమందితోనే మొదలుపెట్టండి. మొదలుపెట్టినది మాత్రం ఆపకండి.

ఈ రోజే ఇంట్లోని పెద్దల పక్కన కూర్చోండి. “ఏమైనా కావాలా?” అని అడగడం మనకు అలవాటే. ఈసారి “నాకు ఇది నేర్పుతారా?” అని అడిగి చూడండి.